రెండోసారి చెప్పే మాట

మిడిల్స్‌బరో ఆసుపత్రి, చెవుల విభాగం.
కాగితం చేతికిచ్చి
ఆమెకు మీరేమవుతారో రాయమన్నారు.
వరసలకు కరువులేని భాష నాది:
తోడికోడలు, వియ్యపురాలు, వేలువిడిచిన మేనమామ.
కొడుకు విడాకులు తీసుకుని బ్రిస్టల్ వెళ్ళిపోయాక
పెట్టె సర్దుకోకుండా
నా వంటింట్లోనే ఉండిపోయిన మనిషిని
ఏమనాలో మాత్రం అందులో లేదు.
కలం గాల్లో ఆగిపోతే
పక్క కుర్చీలోంచి తొంగిచూసి
నా మోచేతిని పొడిచింది మాణిక్యమ్మగారు.
"అత్త అని రాసి పారెయ్యవే. రెండక్షరాలతో పోతుంది."

పదిహేనేళ్ళు. వెళ్ళినవాడి గురించి మాట్లాడుకోం.
ఆదివారం రాత్రి ఆ ఫోను మోగితే
ఆవిడ తన గదిలోకెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంటుంది,
నేను టీవీ గొంతు పెంచుతాను.
మా ఇద్దరి మర్యాద అంతవరకే.

ఆదివారం పొద్దున్న బ్యాటరీలు మార్చడం నా పని.
శనగగింజంత బిళ్ళ, దానికో నారింజరంగు కాగితం తోక.
ఆ తోక కోసం నా మనవరాలు నీల
మంచం కోడు పట్టుకుని కాచుకుంటుంది.
ముత్తవ్వ అద్దం అంచున
ఏళ్ళ తరబడి అంటించి మరిచిపోయిన స్టిక్కర్ బొట్ల పక్కన
వీటినీ వరసగా అంటిస్తుంది.
"ఇవి చెవిబొట్లు, అమ్మమ్మా" అంటుంది
టీస్ ఒడ్డు యాసలో సాగదీసిన తెలుగులో.
అద్దంలో ఇప్పుడు ముఖానికి చోటు తక్కువ.

చెవుడు మొదలైన కొత్తలో విసుక్కునేదాన్ని.
రాత్రి డ్యూటీ చేసొచ్చిన నోరు కదా,
పప్పులో ఉప్పెక్కువైందనో
పెరటి గడియ మళ్ళీ తీసి వదిలేశారనో
చెప్పులిప్పుతూనే ఒక మాట విసిరేదాన్ని.
"ఆఁ?" అనేది.
విసిరిన మాటని మళ్ళీ ఏరుకోవాలి.
దగ్గరికెళ్ళాలి, వంగాలి, ముఖం చూడాలి.
ముఖం చూశాక
ఆ మాటని ఆ గొంతుతో అనడం ఎవరి వల్లవుతుంది?
"ఏం లేదు, టీ తాగుతారా అంటున్నా."
అలా ఎన్ని టీలు తాగామో మేమిద్దరం!

మొన్న శనివారం సుమేధ ఫోను.
పిల్లకి ఇంకా ముద్దలు కలిపి పెడుతున్నానట,
స్కూల్లో ఫోర్కు ముట్టడం లేదట,
"ఎన్నిసార్లు చెప్పాలమ్మా, అప్పుడు నన్నూ ఇలాగే..."
ఆ ఇలాగే తర్వాత ఏముందో నాకు తెలుసు.
వాళ్ళ నాన్న వెళ్ళిన ఏడాది
పదిహేడేళ్ళ పిల్ల గది గుమ్మంలో
కంచం పట్టుకుని నిలబడ్డాను, రాత్రుళ్ళు,
తలుపు తీసేదాకా.
ఆకలి దానిదో నాదో
అప్పుడూ తేలలేదు.

నా చెవులకేం కాలేదు.
గాలి తిరిగిన రోజున
నది మీది పాత వంతెన ఇనుము మూలగడం కూడా వింటాను.
అయినా అన్నాను:
"ఏంటమ్మా? వినపడలా."

అవతల
వాషింగ్ మెషీన్ తిరుగుతున్న చప్పుడు.
అది ఆగి, మళ్ళీ మొదలై,
"ఏం లేదులే.
మాగాయ అయిపోయిందా? పంపించనా?"
సగం జాడీ ఉంది.
పంపించమన్నాను.

ఫోను పెట్టి ఇటు తిరిగితే
బొట్లకీ చెవిబొట్లకీ మధ్య మిగిలిన అద్దంలో
మాణిక్యమ్మగారు.
చెవి మెషీన్లు రెండూ మూత వేసిన డబ్బాలోనే ఉన్నాయి.
కొంగు నోటికి అడ్డం పెట్టుకుని
భుజాలు కదిలేలా నవ్వుతోంది.

"ఏంటత్తయ్యా?" అన్నాను.

"ఆఁ?" అంది.