విరగాల్సిన పన్ను

మే నెల. మిర్చి యార్డుకి సెలవులు.
కాటాలన్నీ ఖాళీ కడుపుతో ఉన్నాయి.
టిక్కీలు లేచిపోయిన రేకుల షెడ్డు కింద
నా లారీ పరిగెడుతోంది:
మూరెడు పొడుగు, కొబ్బరిచిప్పలంత చక్రాలు,
వెనక చిన్న తోకలా ఏంటెన్నా గొట్టం.

అక్క కొడుకు కోసం కొన్నాను.
వాడు రెండో రోజే మా కమీషను కొట్టు మెట్ల మీంచి దూకించి
"పిన్నీ, చచ్చిపోయిందిది" అని ఫోన్లో తల దూర్చాడు.
చావలేదు.
మోటారు తిరుగుతోంది, చక్రం తిరగట్లేదు.
లోపల ఎవరో నిద్రలో పళ్ళు నూరుతున్న చప్పుడు.

నాలుగు స్క్రూలు. మూత తీయగానే తుమ్ము.
మళ్ళీ తుమ్ము.
గేరు పెట్టె నిండా కారం దుమ్ము, రెండు గింజలు,
తెల్ల ప్లాస్టిక్ చక్రానికి ఒక పక్క పళ్ళే లేవు,
మా షావుకారు నవ్వినట్టు.

ఏటుకూరు రోడ్డులో లేతు బాజీకి చూపించాను.
ట్రాక్టరు షాఫ్టులు కోసే చేతుల్లో
కోడిపెట్టని బేరమాడుతున్నట్టు తిప్పి తిప్పి చూసి
"ఉక్కుతో కోస్తా, నీ మనవళ్ళు కూడా తోలతారమ్మా" అన్నాడు.
నాకింకా పెళ్ళే కాలేదని చెప్పలేదు.

ఉక్కు పన్ను విరగలేదు నిజమే.
పక్కనున్న ఇరుసు మెలితిరిగింది.
ఇరుసు మార్చాను, బేరింగులు గరగరమన్నాయి.
కారం దూరని మూతల బేరింగులు వేశాను,
స్టీరింగు సర్వో మొరాయించింది:
ఎడమకి తిరిగిన చక్రం కుడికి రానంది,
ధర నచ్చని రైతు మెడ తిప్పుకున్నట్టు.
ఇనప పళ్ళ సర్వో. తొమ్మిది వందలు.

అంతటితో ఆగొచ్చు కదా.
బ్రష్షుల్లేని మోటారు తెప్పించాను.
మొదటి నొక్కుకే ముందు కాళ్ళు లేపి, వెల్లకిలా పడి,
బొద్దింకలా గాల్లో చక్రాలు తిప్పింది.
వేగానికి టైర్లు పూరీల్లా పొంగాయి,
విప్పి లోపల చుట్టూ టేపు అంటించాను.
ఎండ నలభై నాలుగు. మోటారు మీద వేలు పెట్టి
ఒకటి, రెండు...
మూడు అనలేకపోయాను.
దానికి అల్యూమినియం రెక్కలు, అగ్గిపెట్టెంత ఫ్యాను.
బ్యాటరీ ఒకటి పొట్ట ఉబ్బింది.
ఇసక బకెట్లో పాతి, గోడ అవతల ఎవరూ లేనిచోట ఉంచాను,
అంటురోగం వచ్చినవాణ్ణి ఉంచినట్టు.

ఈ ఖర్చంతా చిట్టా పుస్తకం వెనక పేజీల్లో రాస్తాను.
ముందు పేజీల్లో రైతుల ఖాతాలు, అవీ నా రాతే:
పురుగుమందు బాకీ తీరిన నెల్లోనే బోరు మోటారు కాలింది.
బోరు బాగయిన ఏడు, కాయలో తేమ ఉందని ధర తెగ్గోశారు.
ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి
కాసేపు పేజీలు తిప్పుతూ కూచున్నాను.

నిన్న గేరు పెట్టే నిలువునా పగిలింది.
ఉక్కు పన్ను మాత్రం చెక్కుచెదరకుండా, తళతళలాడుతూ.

కొత్త పెట్టె బిగించి, బాజీ ఎదుటే
ఉక్కుది తీసి ప్లాస్టిక్ది వేశాను.
మనిషి మొహం మాడిపోయింది.
"నా పనితనం బాలేదా?"
"బాగుంది బాజీ, అదే గొడవ.
ఎక్కడో ఒకచోట విరక్క మానదు.
అరవై రూపాయల దగ్గర విరగనీ."
అతను చాలాసేపు చెయ్యి తుడుచుకుని
"మా పెద్దాడూ అలాంటోడే" అన్నాడు.
ఎలాంటోడో నేను అడగలేదు.
ఉక్కు చక్రాన్ని మాత్రం నా తాళాల గుత్తికి తగిలించాడు.

సాయంత్రం చివరి షెడ్డు దాకా తోలాను.
రిమోటు అందని దూరంలో అదే ఆగిపోయింది.
నడిచి వెళ్ళి తెచ్చుకున్నాను, దారంతా తుమ్ముతూ.

యార్డు తెరవడానికి ఇంకా పదకొండు రోజులు.
డబ్బాలో తెల్ల చక్రాలు మూడు.