రెండు విజిల్స్

పెరంబూరులో మా వాటాకి గడప మూడంగుళాలు.
దాని ముందు పొద్దున్నే మా ఆయన
దిగబడ్డ బండిలా నిలబడిపోతాడు.

నొప్పేం లేదు.
మంచం మీద కాళ్లు రెండూ చక్కగా ఆడిస్తాడు.
గుమ్మం కనబడగానే మాత్రం
మడమలు నేలని కరుచుకుంటాయి,
మోకాళ్లలో సన్నటి వణుకు.
ఇంజిన్ ఆడుతూ, గేరు పడని బస్సు.

"దాటండి" అంటాను.
"దాటుతున్నా కదే" అంటాడు.
నిజమే, లోపల ఎప్పుడో దాటేశాడు.
కాళ్లకే కబురందలేదు.

స్టాన్లీ ఆస్పత్రి డాక్టరమ్మ
మందుల చీటీ వెనక మెదడు గీసి
అడుగున చిన్న చుక్క పెట్టింది.
అక్కడి నల్లటి కణాలు తగ్గిపోతున్నాయట,
అలవాటైన పనులన్నీ ఆ దారినే పోయేవట.
"ఇన్నేళ్లూ మీరు నడవలేదు సార్, అదే నడిపించింది."
ఆయనకి కోపమొచ్చింది:
"ఇరవై తొమ్మిది సి నడిపింది నేను."

అడ్డగీతలుంటే కాలు లేస్తుందంది.
ముగ్గుపిండితో హాలంతా గీశాను.
దాటాడు! ఒకటి, రెండు, నాలుగు.
నేను కళ్లు తుడుచుకునేలోపే
ఫ్యాన్ గాలికి దారి చెదిరిపోయింది.
తర్వాత నల్ల టేపు అంటించాను.
కొన్నాళ్లకి చూపుకి అదీ అలవాటై
నేలలో కలిసిపోయింది.

ఆడి నెలలో ఒకరోజు
ఆయన గడప దగ్గర, నేను పాస్‌బుక్కుతో మెట్ల దగ్గర.
పైవాటా యాళిని స్పోర్ట్స్ డేకి కొన్న విజిల్
ఊదుకుంటూ దిగింది,
రెండుసార్లు.

కుడికాలు లేచింది.
నేను అడగలేదు, ఆయన అనుకోలేదు.
ముప్పై ఒక్క ఏళ్లు
వెనక తలుపు దగ్గర కండక్టర్లు ఊదిన చప్పుడు
ఆ చుక్కని చుట్టుకుని
ఏ పక్కసందులోంచో పాదాన్ని చేరింది.
గడప దాటి, వెనక్కి తిరిగి చూశాడు,
అందరూ ఎక్కారా అని.

ఇప్పుడు నా మెడలో
తాళికి తోడు ఓ ప్లాస్టిక్ విజిల్.
ఎంత కోపంలో ఉన్నా రెండూదాలి.
ఒకటంటే ఆపమని.

వంటింట్లో కుక్కరుకి అది తెలీదు.
మొదటి విజిల్‌కే ఆయన
హాలు మధ్య టక్కున ఆగిపోతాడు,
ఎడమ చెయ్యి లేని గేరు మీద.
నా మెడలో విజిల్ ఉన్నా ఊదను,
గరిటె పట్టుకుని గుమ్మంలోకొస్తాను.
పప్పు ఉడుకుతుంటుంది.
ఇద్దరం
రెండోదాని కోసం.