తూకం

దేవరకొండ అవతల, మా తండాల
అంగన్‌వాడీ తూకంమిషన్ ముల్లు
మూడు నెలల సంది ఆరు కిలోల కాడ్నే ఆగింది.
ఎవల్ని ఏలాడదీసినా ఆరే.
నా రిజిస్టర్ల పిల్లలంతా ఒక్క తీరు.

ఎమ్మెల్యే సాబ్ వచ్చిండు. శాలువా, ఫోటో.
"ఏం గావాల్నో కాయితం రాసియ్యుండ్రి" అన్నడు.

వార్డు మెంబరు సోమ్లి కాయితం ఇయ్యలే.
పుణెల, కట్టే బిల్డింగు కింద
ఇటుకల నడుమ బిడ్డను పండవెట్టి
తట్టలు మోసిన మనిషి ఆమె.
ముందుకొచ్చి
మూడేండ్ల పోరన్ని ఆయన చేతుల్ల వెట్టింది.

బరువుకు సిద్ధపడ్డ చేతులు
బరువు లేక
గాలిల జానెడు పైకి లేచినయ్.

ఆయనేమనలే.
పోరడు మాత్రం జేబుల పెన్ను గుంజి
నోట్లె పెట్టుకున్నడు.

పదిహేను దినాలకు కొత్త తూకంమిషన్ వచ్చింది.
బోరుకు మోటరు రాలే.
గుడ్లు వారం ఇడిసి వారం.
సోమ్లి ప్రతి సోమారం
మండలాఫీసు మెట్ల మీద కూసుంటది,
ఎవలి పిల్లనో సంకనెత్తుకొని,
లోపలికి పొయ్యేటోళ్లల్ల
ఎవల చేతులు ఖాళీగున్నయో చూసుకుంట.