స్టూడియో కోటు

పాలకొల్లులో లాకుల పక్కన నా స్టూడియో.
గోడ మేకుకి ఒకే ఒక్క కోటు,
నేవీ బ్లూ, నలభై రెండు సైజు.
కాకినాడలో ఓ బ్యాంకు ఇంటర్వ్యూకని
పాతికేళ్ల కిందట మా బావగారు కుట్టించింది.
నాకు రాలేదు గానీ
దీనికి మాత్రం ఉద్యోగాల మీద ఉద్యోగాలు.
పాలిటెక్నిక్ పిల్లలు, ఐటీఐ పిల్లలు,
ఈ చుట్టుపక్కల ఎవరి బయోడేటా తిరగేసినా
కుడి మూలన ఇదే కాలరు,
ఇదే గుండీ, కొంచెం వేలాడుతూ.

ఆవేళ లోవకుమారి వచ్చింది.
ఫిషరీస్ డిప్లొమా. తెల్లారితే
భీమవరం రోడ్డులో రొయ్యల ల్యాబుకి వెళ్లాలిట.
"పాస్‌పోర్టు సైజు ఆరు, బయోడేటా ఒకటి అండి."

మెయిల్ ఐడీ అడిగితే నేల చూపులు.
టెన్త్‌లో పెట్టుకున్నదట: స్వీట్ లోవా, వన్ ఫోర్ త్రీ.
ఇద్దరం కాసేపు నవ్వుకుని
ఇంటిపేరు, చుక్క, పేరు అని కొత్తది తెరిచాం.
పాతది తీసేయనా అంటే
"వద్దండి, ఉండనివ్వండి. మా ఫ్రెండ్సంతా అందులోనే ఉన్నారు."

అనుభవం అన్నచోట 'నిల్' అని రాసుకొచ్చింది.
"మీ చెరువు దగ్గర రాత్రిళ్లు ఎవరుంటారమ్మా?"
"నేనేనండి. నాన్నకి షుగరు, చూపు ఆనదు."
రెండింటికి కరెంటు పోతే జనరేటర్ వేసేది,
చెక్ ట్రే పైకి లాగి
టార్చి వెలుగులో మిగిలిన మేత చూసేది,
రొయ్యని వేళ్ల మధ్య పట్టి
పేగు నిండిందో లేదో చెప్పేది
"అదేం పనండీ, ఇంట్లో పనే కదా!"

నేనేం మాట్లాడలేదు.
'నిల్' పోయేదాకా మీట నొక్కిపట్టాను.

తర్వాత కోటు.
అందులో ఆ పిల్లలాంటివాళ్లు ఇద్దరు పడతారు.
వీపు దగ్గర గుడ్డ గుంజి
బట్టల క్లిప్పులు ఐదు పెట్టాను.
"గడ్డం కాస్త దించమ్మా. భుజం ఇటు. ఆయ్, అంతే."
ముందు నుంచి చూస్తే మేనేజరు గారే.

"క్లిప్పులు పడవు కదండీ?"
"ఫొటోలో పడవమ్మా."
కాసేపాగి,
"చేరాక ఎప్పుడైనా వెనక్కి తిరగాల్సొస్తే?"

ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు.
లైటు వేడికి నా చొక్కా నా వీపుకి అంటుకుంది.
ఫ్యాను వేసి, క్లిప్పులు ఒక్కొక్కటే తీసి
కోటుని మేకుకి తగిలించాను.
పసుప్పచ్చ కాటన్ చుడీదారు.
గోళ్ల పక్కన చెరువు నాచు.
చేతులు ఫొటోలో రావని చెప్పినా
ఒళ్లో సర్దుకుని కూర్చుంది.
ఇంకోటి తీశాను.

కోటుతో మూడు, కోటు లేకుండా మూడు.
ఏది అతికించుకుంటావో నీ ఇష్టం అన్నాను.
"రెండూ నేనేలాగున్నానండి" అంటూ
కవరు బ్యాగులో పెట్టుకుంది.

నెల తిరిగాక
పొద్దున్నే లాకుల దగ్గర బస్సాగితే కనిపించింది.
అదే కాలేజీ బ్యాగు, బూట్లు మాత్రం కొత్తవి,
మెడలో ఐడీ కార్డు.
ఏ ఫొటో పెట్టారోనని తొంగిచూశాను.
కాలువ గాలికి కార్డు తిరగబడి ఉంది.
చెయ్యూపింది. బస్సు కదిలింది.

లోపల్నుంచి ఎవరో ఐటీఐ కుర్రాడు
అప్పటికే కోటు తొడిగేసుకుని కేకేస్తున్నాడు:
"మాస్టారూ, క్లిప్పులెక్కడండీ?"