ఆ ఒక్క 'వ'

గుణుపురంలో జిరాక్సు కొట్టు నాది.
స్కాలర్‌షిప్పు కాగితాలన్నీ ఈ మిషను వెలుగులోంచే ఎల్తాయి.

కింతలి హైమావతి.
ఒడియా సర్టిఫికెట్టులో మాత్రం హైమాబతి.
ఆఫీసులో మూడేళ్లూ అదే పిలుపు:
"హైమాబతీ, రేపు రా."

నిన్నొకడు ఫోన్లో
"హైమావతి గారూ" అన్నాడంట, మన తెలుగులో, అచ్చంగా.
ఆ ఒక్క 'వ'కే పిల్ల కరిగిపోయింది.
ఓటీపీ చెప్పీసింది.
వాళ్లమ్మ జీడిపిక్కలమ్మిన నాలుగువేలూ
బేంకులోంచి జారిపోయేయి.

పాడైన కాపీలు పకోడీల బండికి ఇచ్చీవోణ్ణి.
నూనెలో తడిసి ఎన్ని పేర్లు ఊరంతా తిరిగేయో.
ఇవాళ కూకుని చింపుతున్నాను, ఒక్కోటీ.

ఫారం పట్టుకొచ్చిన ప్రతి పిల్లకీ చెప్తున్నాను:
సర్కారోడు నీ పేరు
ఎప్పుడైనా సరిగ్గా పలికేడేటమ్మా?
పలికితే, ఫోను పెట్టీయ్.