నాలుగు నిమిషాల సముద్రం

అన్నిటికంటే అడుగున రంగులేని అద్దం,
ఉప్పు తుంపర లెన్సును తినెయ్యకుండా.
దాని మీద, మునివేళ్ళతో తిప్పితే
నీటి పైని తళుకును తుడిచేసే పోలరైజరు.
ఆ పైన మూడు స్టాపుల బూడిద రంగు.
అన్నిటికీ పైన, వెల్డింగువాడి కళ్ళద్దమంత నల్లగా
పది స్టాపుల చీకటి.

జలుబు చేసిన పిల్లాడికి
చొక్కా మీద చొక్కా తొడుగుతున్నావంటుంది నా భార్య.

లెక్క జేబులో కాగితం మీద ఉంది.
ఇవేవీ లేకపోతే సెకనులో నూట పాతికో వంతు.
అన్నీ తొడిగితే నాలుగు నిమిషాల పైచిలుకు.

గలీసియా పడమటి కొసన రొన్కుదో రాళ్ళు.
బొంగురుగొంతువాడని ఆ పేరుకి అర్థం.
కింద ఐదుగురు ఆడవాళ్ళు, నల్లటి రబ్బరు సూట్లలో,
నడుముకి తాడు, చేతిలో గీకుడు పార.
అల వెనక్కి తగ్గిన కాస్త సందులో దిగి,
రాతిని కరుచుకుని బతికే పెర్సేబెల్ని,
ఏదో ముసలి బల్లి వేళ్ళలా ఉంటాయవి,
గోళ్ళతో సహా పెకలించి
అల మళ్ళీ లేచేలోపు పైకి ఎగబాకుతారు.
ఒకామె మాత్రం ఏమీ ఏరదు.
సముద్రానికి ఎదురుగా కదలకుండా నిలబడుతుంది.
వస్తోందని అరవడమే ఆమె పని.

మీట నొక్కాను. చేతులు చంకల్లో పెట్టుకున్నాను.
ఆ నాలుగు నిమిషాల్లో వాళ్ళు ఏడుసార్లు దిగారు.
ఒకామె మోకాలు చీరుకుపోయింది.
ఒకామె ఎందుకో పగలబడి నవ్వింది.
ఏడోసారి అల గెలిచింది, తాడు బిగిసింది,
నురగలోంచి ముందు ఒక చెయ్యి, తర్వాత ఒక తిట్టు వచ్చాయి.

తెర మీద చూస్తే
పాలు. పొగ. ఎవరూ పడుకోని పరుపు.
రింగుల అంచులు నాలుగు మూలల్నీ కొరికేశాయి,
మిగిలినదంతా కమిలిన గాయం రంగు.
అయినా బాగుంది. చాలా బాగుందనుకున్నాను.

సంచి భుజాన వేసుకుని దోరిండా పైకొచ్చింది.
"ఏదీ, చూపించు."
చూసింది. "మేమెక్కడ?"
కదిలేవాళ్ళు ఇందులో పడరని చెప్పాను,
ఏదో పాఠం చెబుతున్నట్టు.
ఆమె తడి వేలు ఒక బూడిద మరక దగ్గర ఆగింది.
"ఇది బెనిల్దె కదూ."
కాపలా నిలబడ్డ ఆమే. ఒంట్లోంచి వెనక రాయి కనిపిస్తోంది.

"సముద్రం ఇంత మెత్తనిదైతే
మా అన్న ఈపాటికి వాకిట్లో సిగరెట్టు కాలుస్తుండేవాడు."
నిష్ఠూరమేం లేదు ఆ గొంతులో,
ఇవాళ కిలో ఎంత పలికిందో చెప్పినట్టు అంది.

అద్దాలు విప్పబోయాను. రావు.
నాలుగు అల్యూమినియం రింగులు
ఉప్పుతో, చలితో ఒకదాన్నొకటి పట్టేసుకున్నాయి.
పళ్ళు బిగబట్టి తిప్పాను, ఇంకా బిగిశాయి.
"అలా నలిపితే రాదు. ఇటివ్వు."
రబ్బరు తొడుగున్న అరచేతిని పైరింగు మీద
బోర్లించి, మూత పెట్టినట్టు ఆనించి,
కాస్త తిప్పింది. టిక్కుమంది.
పది స్టాపుల చీకటి ఆమె చేతిలో పడింది.
తర్వాత బూడిద రంగు. తర్వాత పోలరైజరు,
తళుకంతా ఒక్కసారిగా నీళ్ళ మీదికి తిరిగొచ్చింది.
చివరిదాని దగ్గర ఆగి, "ఇది ఉండనీ,
ఉప్పు ఊరుకోదు" అంది.

వేలం నాలుగు గంటలకి. ఒక్క దిగుడుకే టైముంది.
బెనిల్దె అరిచింది.
నేను సెకనులో వెయ్యో వంతు తెరిచాను.

ఆ బొమ్మలో ఆకాశం మరీ తెల్లబడింది, హోరిజాన్ వాలింది.
అల పళ్ళు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు.
దోరిండా ముఖం కనబడదు,
పారెత్తిన మోచేయి, బిగిసిన తాడు, అంతే.

జేబులో మూడు అద్దాలు
నడుస్తుంటే ఒకదానికొకటి తగిలి చప్పుడు చేశాయి.
ఇంటికొచ్చి చూస్తే నల్లటి దాని మీద
ఆమె బొటనవేలి ఉప్పు అచ్చు.
తుడవడానికి గుడ్డ తీశాను.
తీసి, చాలాసేపు అలాగే పట్టుకున్నాను.