తియ్యటి తెలుగు

సిరొంచ అంగడిలో
చేపల గంప ముందు
పోసుబాయి ఫోను మోగింది.

"అమ్మగారూ, బ్యాంకు నుంచి.
మీ కార్డు ఈరోజుతో ఆగిపోతుంది.
వెనకున్న మూడంకెలు చదవండి, తల్లీ."

ఈగలు తోలుకుంటూ
చాలాసేపు విన్నది.
తునికాకు బోనసు మొత్తం
ఆ కార్డులోనే ఉన్నది.

మా బ్యాంకుల సారు మరాఠీల కసురుతడు,
పాసుబుక్కు విసిరేస్తడు.
ఇరవై ఏండ్లల్ల ఒక్కనాడన్న
తల్లీ అన్నడా?

"ఇంత తీపి తెలుగు
ప్రాణహిత ఇవతల దొరకది బిడ్డా"
అని ఫోను పెట్టేసింది.

రవికెలోంచి కార్డు తీసి,
మనవడు పెన్నుతో రాసిచ్చిన నాలుగంకెలను
నోట్లో ఒకసారి అనుకొని
చేపల కత్తి మొనతో గీకేసింది.

ధర అడిగినోళ్లకు కూడా
ఆ పూట
ఏ అంకే చెప్పలేదు.